ఆవుకూ అమ్మకూ ఒకటేనా?

రెండేళ్ల కిందట మా పక్క వాటాలోకి కాశీ వైపు నుంచి ఒక కుటుంబం దిగింది. ఆయన తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో పని చేస్తారు. ఆమె, ఊరికి వచ్చి నెల తిరగకముందే, కూరగాయల బండి దగ్గరా పాలవాడి దగ్గరా విన్న మాటలను ఒక పుస్తకంలో దేవనాగరిలో రాసుకుంటూ తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, నేను తెలుగు పండితురాలినని తెలిసి, ఎంతో మర్యాదగా, "మీ శిక్ష ఎక్కడ జరిగింది, దీదీ?" అని అడిగారు. మా వారు కాఫీ గ్లాసు చేతిలో అలాగే పట్టుకుని నా ముఖం వైపు చూశారు. హిందీలో శిక్ష అంటే చదువు. తెలుగులో చదువు అర్థం 'శిక్షణ'కు మిగిలి, 'శిక్ష' పూర్తిగా బెత్తం వైపు వెళ్లిపోయింది. "తిరుపతిలో కొంత, నగరి దగ్గర మరికొంత జరిగిందమ్మా" అన్నాను. ఆ జవాబు రెండు అర్థాలకూ సరిపోయింది.

నగరి దగ్గర జరిగిన దాని గురించే ఇక్కడ రాయాలనుకున్నాను.

పాతికేళ్ల కిందట నా మొదటి పోస్టింగు నగరికి అవతల, తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న ఒక ఊరి ఉన్నత పాఠశాలలో. పవర్‌లూమ్ మగ్గాల చప్పుడు తరగతి గదిలోకి రోజంతా వినిపించేది. 1960లో, రెండు రాష్ట్రాల సరిహద్దు తగాదాలో మధ్యవర్తి అయిన పటాస్కర్ నిర్ణయం మేరకు తిరుత్తణి తాలూకా మన చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లినప్పుడు పటం మీద గీత అయితే పడింది గాని, ఆ గీతకు ఇటువైపు ఇళ్లలో తమిళమూ అటువైపు ఇళ్లలో తెలుగూ ఎప్పటిలాగే మిగిలిపోయాయి. మా బడిలో పిల్లలు గేటు దాకా తమిళం మాట్లాడుకుంటూ వచ్చి, గేటు దాటాక తెలుగులోకి మారేవారు. మగ్గాన్ని 'తరి' అని మొదలుపెట్టి నా వైపు చూసి 'మగ్గం' అని దిద్దుకునేవారు.

ఆరో తరగతిలో 'మా ఇల్లు' అని వ్యాసం రాయమన్నాను. ఒక పిల్లవాడు ఇలా రాశాడు: "మా అమ్మ మగ్గం దగ్గర ఉన్నారు. మా చెల్లెలు ఏడ్చారు. తరవాత మా చెల్లెలు పాలు తాగారు. మా ఆవు గడ్డి తిన్నది." అమ్మకు గౌరవ బహువచనం పెట్టాడంటే సరే, ఉయ్యాలలో ఉన్న చెల్లెలికి కూడా ఇంత మర్యాద ఏమిటని నవ్వుకుని, ఎర్ర సిరాతో 'ఏడ్చింది', 'తాగింది' అని దిద్దాను. మరునాడు అదే తప్పు. మూడోసారి దిద్దినప్పుడు వాడు పుస్తకం తీసుకుని నా బల్ల దగ్గరికి వచ్చి, తెలుగులో అడిగే ధైర్యం చాలక తమిళంలోనే అడిగాడు: "టీచర్, మాట్టుక్కుమ్ అమ్మావుక్కుమ్ ఒణ్ణా?" ఆవుకూ అమ్మకూ ఒకటేనా అని.

నేను వ్యాకరణం చదివినదాన్ని. తెలుగులో మహతీ వాచకాలు, అంటే ఆడవాళ్లను చెప్పే మాటలు, ఏకవచనంలో అమహత్తులతో (పశువులు, వస్తువులతో) కలుస్తాయనీ, బహువచనంలో మహత్తులతో (మగవాళ్లతో) కలుస్తాయనీ పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. 'అతడు వచ్చాడు' ఒక వైపు, 'ఆమె వచ్చింది, అది వచ్చింది' ఇంకో వైపు. పది మంది ఆడవాళ్లయితే మాత్రం 'వచ్చారు', పది ఆవులైతే 'వచ్చాయి'. కంఠతా వచ్చిన ఆ సూత్రంలో ఒక అమ్మ, ఒక ఆవు పక్కపక్కనే నిలబడి ఉన్నారని (ఉన్నాయని రాయాలేమో) నాకు ఆ రోజు దాకా కనిపించలేదు. తమిళంలో 'అవన్ వందాన్, అవళ్ వందాళ్, అదు వందదు' అని మూడు దారులు. ఆ మూడు దారుల ఇంట్లో పుట్టిన పిల్లవాడికి 'అమ్మ వచ్చింది' అనే వాక్యం అమ్మను పశువుల కొట్టంలోకి తోసినట్టు వినిపించింది. తెలుగులో ఆ అవమానం తప్పించుకోవడానికి దొరికిన ఒకే ఒక సందు బహువచనం. వాడు అమ్మను, చెల్లెలిని చెరో చేత్తో పట్టుకుని ఆ సందులోంచి బయటపడ్డాడు. నేను మూడుసార్లు ఎర్ర సిరాతో వాళ్లను వెనక్కి తోశాను.

ఆ బడిలోనే తమిళ మాధ్యమం తరగతులు ఉండేవి. వాటికి తమిళం చెప్పే పెద్దాయనను అందరం 'అయ్యా' అనే పిలిచేవాళ్లం. నాకు తమిళం నేర్పిస్తారా అని ఆయనను అడిగితే, "నేర్పిస్తానమ్మా, బదులుగా మా మనవడికి మీరు ఒత్తులు నేర్పించండి" అన్నారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, ప, ఫ, బ, భలకూ అంతే కాబట్టి ఆ మనవడు 'భాష'ను 'పాష' అనీ 'ఫలం'ను 'పలం' అనీ రాసేవాడు. వినేటప్పుడు తేడా తెలిసేది గాని చేతికి వచ్చేది కాదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వేపచెట్టు కింద నాకు ఒక అరగంట, వాడికి ఒక అరగంట నడిచేది. నేను రాసిన మొదటి తమిళ వ్యాసంలో 'అక్కా వందదు' అని ఉంది. అయ్య కళ్లజోడు సవరించుకుని, "మీ అక్క నాలుగు కాళ్ల మీద వచ్చిందా అమ్మా?" అన్నారు. పల్లెల్లో 'పొణ్ణు వందుచ్చు' అనడం ఉందనీ, అది చనువు మాట అనీ, వ్యాసంలో మాత్రం కుదరదనీ తరవాత నెమ్మదిగా చెప్పారు. నేను ఆ పిల్లవాడిని దిద్దిన తప్పును తిరగేస్తే అదే నా తప్పు. వాడు తమిళంతో తెలుగు రాశాడు, నేను తెలుగుతో తమిళం రాశాను.

అక్షరాలు వచ్చి, మాట్లాడే ధైర్యం వచ్చాక అసలు ప్రమాదాలు మొదలయ్యాయి. ఒక విద్యార్థి స్కాలర్‌షిప్ దరఖాస్తు మీద సంతకానికి తాను రావాలా అని వాళ్ల నాన్న తమిళంలో అడిగాడు. పని చెడగొట్టుకుని రావడం ఎందుకు, కాగితం పిల్లవాడితో పంపితే చాలు అన్న ఉద్దేశంతో నేను "అవసరం ఇల్లె" అన్నాను. మరునాడు కాగితం వచ్చింది, పంపేశాను. పదో రోజున ఆయన మగ్గం ఆపుకుని, ఒక రోజు కూలి వదులుకుని బడికి వచ్చాడు. ఎందుకు వచ్చారని అడిగితే తెల్లబోయాడు. తమిళంలో 'అవసరం' అంటే తొందర. నేను అక్కర లేదన్నాననుకున్నాను. ఆయన తొందర లేదన్నానని విన్నాడు, అందుకే వీలు చూసుకుని వచ్చాడు. అక్కర లేదనడానికి 'తేవై ఇల్లె' అనాలని ఆ సాయంత్రం అయ్య చెప్పారు. పూర్తిగా కొత్తదైన మాట ఎవరినీ ఇంత మోసం చేయదు. మనదే అనిపించే మాటే ఇలా దెబ్బ తీస్తుంది. 'సంసారం' అంటే మనకు కుటుంబం, తమిళుడికి భార్య, మలయాళీకి మాటలాడడం, హిందీవారికి ప్రపంచం. మనం వేదికెక్కి ఉపన్యాసం చేస్తాం. హిందీలో ఉపన్యాసం అంటే కూర్చుని చదువుకునే నవల.

ఇవన్నీ నేను తరగతిలోకి తీసుకురావడం మొదలుపెట్టాను. నల్లబల్ల మీద ఒక వైపు పాలు, పులి, చెయ్యి, చెడు అని రాసి, రెండో వైపు పిల్లల చేతనే పాల్, పులి, కై, కెడు అని రాయించేదాన్ని. ఒకప్పటి కకారం తెలుగులో కొన్ని చోట్ల చకారమైందని నేను చెప్పకముందే వాళ్లు పట్టుకున్నారు. ఇంటికి వెళ్లి నాయనమ్మను అడిగి ఇంకో నాలుగు మాటలు తెచ్చారు కూడా. సరిగ్గా అలాంటి ఒక రోజున తనిఖీకి ఒక అధికారి వచ్చారు. నల్లబల్ల వైపు చూసి, "ఇది తెలుగు గంటా, తమిళ గంటా?" అని అడిగి, నా జవాబు వినకుండానే 'బోధనలో పరభాషా పదాల వాడకం అధికంగా ఉంది' అని రాసి వెళ్లారు. నన్ను సంజాయిషీ అడిగారు. రెండు పేజీలు రాశాను. ప్రధానోపాధ్యాయులు చదివి, "అమ్మా, రెండు పేజీలు రాస్తే వాదన అంటారు, రెండు వాక్యాలు రాస్తే సంజాయిషీ అంటారు" అన్నారు. రెండు వాక్యాలే పంపాను. ఆ రెండు పేజీలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. ఇందులో సగం వాటిలోదే.

తమిళ పిల్లలు తెలుగు గంటలో తమిళం వినకూడదన్న వాదనలో ఒక పొరపాటు ఉంది. మనం పలకకపోయినంత మాత్రాన ఆ భాష గదిలో లేకుండా పోదు. వాడు రాసే ప్రతి వాక్యం కిందా అది ఉంటుంది. తప్పు దిద్దడం ఎర్ర సిరా ఉన్న ఎవరికైనా వస్తుంది గాని, అది ఏ ఇంటి నుంచి నడిచి వచ్చిందో తెలియాలంటే పంతులు ఆ ఇంటి గడప ఒకసారైనా తొక్కి ఉండాలి.

కొన్నేళ్ల తరవాత మైసూరులోని దక్షిణ ప్రాంతీయ భాషా కేంద్రానికి పది నెలల తమిళ శిక్షణకు వెళ్లాను. 1969లో ఏర్పడిన భారతీయ భాషల కేంద్ర సంస్థకు చెందినది అది. పనిలో ఉన్న ఉపాధ్యాయులను రాష్ట్రాలు పంపితే, వారికి ఇంకో భారతీయ భాష నేర్పి పంపుతుంది. నాకు ఉదయమంతా తమిళం, సాయంత్రమంతా కన్నడం, ఎందుకంటే పాలు కొనాలన్నా కన్నడమే కావాలి. పాల బూతు దగ్గర 'హాలు' అన్న మాట వినగానే నా లోపలి నల్లబల్ల మీద మూడో గీత పడింది: పాలు హాలైంది, పులి హులైంది, పువ్వు హూవైంది. మన పకారాలన్నీ కన్నడంలో ఊపిరి వదిలేశాయి. ఆ బూతు కుర్రవాడు నేను ఎందుకు నవ్వానో అర్థం కాక చిల్లర మరోసారి లెక్కపెట్టుకున్నాడు.

మైసూరులో మహారాజా కళాశాల ముందు నుంచి నడిచిన ప్రతిసారీ రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు గుర్తుకు వచ్చేవారు. అనంతపురం సీమలో 1893లో పుట్టిన ఆ మనిషి, మన చిత్తూరు కట్టమంచి రామలింగారెడ్డి గారి చొరవతో, 1912లో ఆ కళాశాలలో తెలుగు పండితులుగా చేరి దాదాపు నాలుగు దశాబ్దాలు కన్నడ దేశంలో తెలుగు చెప్పారు. సంస్కృతం, ప్రాకృతం, కన్నడం, తెలుగు ఆయనకు ఇంట్లో గదుల్లాంటివి. ప్రాకృత గాథలను తెలుగులోకి తెచ్చారు, దాని పైన సంగీతం. ఉద్యోగ విరమణ తరవాత తిరుపతికి వచ్చి, వేటూరి ప్రభాకరశాస్త్రి గారు చేసి వెళ్లిన పనిని అందుకుని, అన్నమయ్య రాగిరేకుల మీది కీర్తనలను పరిష్కరించి, ఎన్నిటికో స్వరాలు కట్టారు. అయిదు వందల ఏళ్ల నాటి తాళ్లపాక పాటలో ఒక పలుకు తెలుగు నిఘంటువుకు అందకపోతే, పక్క భాషలో దాని చుట్టం ఎవరో తెలిసినవాడికే అది లొంగుతుంది. ఆ పనికి తెలుగు ఒక్కటే తెలిసిన పండితుడు చాలడని నా నమ్మకం.

మైసూరు నుంచి వచ్చాక నాకు తిరుపతి దగ్గరి బడికి బదిలీ అయింది. అక్కడి హిందీ సారు ఇంటి భాష ఉర్దూ. మదనపల్లె మనిషి, 1919లో ఠాగూర్ 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చింది మా ఊరి కళాశాలలోనే అని కనీసం నెలకొకసారి గుర్తు చేసేవారు. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ప్రాథమిక్ నుంచి ప్రవీణ్ దాకా ఒక్కొక్క మెట్టే ఎక్కి పండితులైనవారు. హిందీలో కర్త పక్కన 'నే' వచ్చినప్పుడు క్రియ కర్మను అనుసరిస్తుంది, రోటీ స్త్రీలింగం కాబట్టి 'మైనే రోటీ ఖాయీ' అనాలి. మా పిల్లలు తరతరాలుగా 'మై రోటీ ఖాయా' అనే రాస్తారు. ఒక సాయంత్రం జవాబు పత్రాలు దిద్దుతూ ఆయన కలం కింద పెట్టి నవ్వారు. "అమ్మా, మా అమ్మ బతికినంత కాలం 'నే' లేకుండానే మాట్లాడింది. మా దక్కనీ ఉర్దూలో అదే ఒప్పు. వద్దంటే 'నక్కో', మనుషులంటే 'లోగాఁ'. ఇంట్లో ఒప్పయినదాన్ని బడిలో సున్నా వేసి ముప్పై ఏళ్లుగా జీతం తీసుకుంటున్నాను." మిగతా హిందీ పండితుల కంటే ఆయన తరగతిలో పిల్లలు 'నే' బాగా నేర్చుకునేవారు. ఆ మెలిక ఎక్కడ పడుతుందో ఆయనకు పుస్తకం నుంచి కాక అమ్మ నోటి నుంచి తెలుసు.

నాకూ ఇంట్లో ఒక తెలుగు, బడిలో ఒక తెలుగు ఉన్నాయి. 'ఆడ, ఈడ, అంగడి, ఎనుము' మా ఇంటివి. 'అక్కడ, ఇక్కడ, దుకాణం, గేదె' పాఠ్యపుస్తకంవి. సరిహద్దు పిల్లవాడు గేటు దగ్గర చేసిన పనినే నేను గుమ్మం దగ్గర చేస్తాను.

భాషా పండితులని తెలిస్తే జనం అడిగే మొదటి ప్రశ్న, ఎన్ని భాషలు వచ్చు అని. మన తిరుపతిలోనే చదువుకుని, ప్రొద్దుటూరు బడిలో తెలుగు పంతులుగా బతికిన పుట్టపర్తి నారాయణాచార్యుల గారికి పద్నాలుగు భాషలు వచ్చని చెప్పుకుంటారు. ఆయన మలయాళంలోకి అనువాదం చేయగల దిట్ట, ఆయన సంగతి వేరు. నాలాంటివాళ్లు మాత్రం భాషలను కాసులపేరులో కాసుల్లా లెక్కపెట్టుకోకూడదు. నాకు తమిళంలో బేరమాడడం వచ్చు, దినపత్రిక చదవడం వచ్చు, తల్లిదండ్రులతో పోట్లాడడం కూడా వచ్చు. ఆ ధీమాతోనే ఒకసారి తిరుమల గుడి ప్రాకారం మీది శాసనం ముందు ఆగాను. ఆ గోడల మీది శాసనాల్లో ఎక్కువ భాగం తమిళమే. వాటిని ఒక్కొక్క పంక్తీ చదివి మనకు అందించినవారు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు. నా పత్రికా తమిళంతో నేను ఒక్క పంక్తి కూడా దాటలేకపోయాను. వెనుక క్యూలోంచి ఎవరో 'జరగండమ్మా' అన్నారు, జరిగాను.

మళ్లీ మా పక్కింటి ఆమె దగ్గరికి వస్తాను. ఇప్పుడు వారానికి మూడు రోజులు సాయంత్రం నా దగ్గర తెలుగు చదువుతున్నారు. బదులుగా నా హిందీ ఉచ్చారణ సరిచేస్తున్నారు; వేపచెట్టు కింది ఒప్పందమే మళ్లీ. అక్షరాలు వారంలో వచ్చాయి. సామెతలు కూడా నాలుగైదు పట్టుకున్నారు. ఇద్దరినీ ఏడిపిస్తున్నది 'మేము', 'మనం'. హిందీలో రెండింటికీ ఒకటే 'హమ్'. కన్నడంలోనూ ఇప్పుడు ఒకటే 'నావు'. తమిళుడికి 'నాంగళ్', 'నామ్' అని రెండు ఉన్నాయి కాబట్టి నగరి పిల్లలకు ఈ పాఠం నేనెప్పుడూ చెప్పవలసి రాలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో తొలిసారి చెబుతున్నాను. వింటున్న మనిషిని కలుపుకుంటే 'మనం', విడిచిపెడితే 'మేము' అని మొదటి రోజే చెప్పాను. అర్థమైందన్నారు. తరవాత వారం, "మనకు నిన్న జ్వరం వచ్చింది" అన్నారు. నుదురు ముట్టుకుని చూసుకున్నాను.

ఆమె మాటలను వెంటనే దిద్దడం మానేశాను. ఏమి చెప్పదలచుకున్నారో ముందు కనుక్కుంటాను, లేకపోతే నగరి వ్యాసంలో లాగే నేను రాసిన ఒప్పు వేరే ఎవరి వాక్యమో అవుతుంది.

నిన్న సాయంత్రం పాఠం అయ్యాక చెప్పులు వేసుకుంటూ, గుమ్మం దగ్గర ఆగి, "దీదీ, రేపు పొద్దున్నే మేము అలిపిరి మెట్లు ఎక్కుదాం" అన్నారు. 'ఎక్కుదాం' అన్న క్రియ నన్ను కూడా రమ్మంటోంది, 'మేము' అన్న మాట నన్ను ఇంటి దగ్గరే ఉండమంటోంది. 'ఎక్కుతాం' అని దిద్దాలా, 'మనం' అని దిద్దాలా తేలక కాసేపు చూశాను. అడిగితే బాధపడతారేమోనని, దారిలోకి ఎంతమందికి పూరీలు కడుతున్నారని మాత్రం అడిగాను.

"నలుగురికి" అన్నారు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే.